ఏస్ స్కోరు 6 వచ్చింది, నేనూ మా నాన్నలాగే అవుతానా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. వయసు 34. సొంతూరు నల్గొండ దగ్గర పల్లె, ఉద్యోగం గచ్చిబౌలిలో, కాపురం మియాపూర్‌లో. చిన్నప్పుడు నాన్న తాగొచ్చి అమ్మను కొట్టేవాడు, అడ్డం వెళ్తే మిమ్మల్నీ కొట్టేవాడు. ఇంటర్ రెండేళ్ళూ హాస్టల్లో ఉన్నారు, అక్కడా దెబ్బలే. ఈమధ్య ఫోన్లో ఏస్ అనే, బాల్యంలోని చేదు అనుభవాల గురించిన పది ప్రశ్నల పరీక్ష కనబడితే చేశారు, 6 వచ్చింది. 'ఆరు, ఆపైన వస్తే ఆయుష్షు 20 ఏళ్ళు తగ్గుతుంది' అని దాని కిందే రాసి ఉంది. అప్పట్నుంచి నిద్ర లేదు. అన్నయ్యకు ఫోన్ చేస్తే 'అంతేం లేదురా, నువ్వు పెద్దది చేస్తున్నావ్' అన్నాడు. మొన్న భోజనాల దగ్గర మూడేళ్ళ పాప చేతిలోంచి స్టీలు గ్లాసు జారింది. పాప గ్లాసు వంక చూడకుండా మీ మొహం వంక చూసింది. 'నేను మా నాన్న మొహం సరిగ్గా అలాగే చూసేవాణ్ణి' అని రాశారు. నేనూ ఆయనలాగే అవుతానా, వచ్చే నెల ఆయన మా ఇంటికి వచ్చి ఉంటానంటున్నాడు, పాపను ఆయన దగ్గర వదలొచ్చా, మా ఆవిడకు ఇవన్నీ చెప్పాలా అని మీ ప్రశ్నలు.

నేను హైదరాబాద్‌లో చాలా ఏళ్ళుగా క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఈ పది ప్రశ్నల స్కోరు ఫోన్లో చూపిస్తూ, టెన్షన్‌తో గొంతు తడారిపోయి మాట్లాడేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. మీరడిగిన వరసలో మాత్రం రాయడం లేదు.

ముందు ఆ 20 ఏళ్ళ సంగతి తేల్చేద్దాం, మీ నిద్ర పాడుచేసింది అదే కాబట్టి.

ఈ పది ప్రశ్నల మూలం అమెరికాలోని శాన్ డియాగోలో ఉంది. 1980ల్లో విన్సెంట్ ఫెలిట్టి అనే డాక్టరు అక్కడ ఊబకాయానికి చికిత్స చేసే క్లినిక్ నడిపేవాడు. బరువు బాగా తగ్గుతున్నవాళ్ళే మధ్యలో మానేసి వెళ్ళిపోతుంటే ఆయనకు అర్థం కాలేదు. కూర్చోబెట్టి అడిగితే వాళ్ళలో చాలామంది చిన్నప్పుడు లైంగిక హింసకు గురైనవాళ్ళని తెలిసింది. ఆ తర్వాత అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీకి చెందిన రాబర్ట్ ఆండాతో కలిసి పెద్ద సర్వే పెట్టాడు. 1995 నుంచి 1997 దాకా కైజర్ పర్మనెంటే అనే ఆరోగ్య బీమా సంస్థ సభ్యుల్లో 17 వేలమందికి పైగా జవాబులిచ్చారు. తిట్లు, దెబ్బలు, లైంగిక హింస, పట్టించుకోకపోవడం, ఇంట్లో తాగుడు, తల్లిని కొట్టడం, తల్లిదండ్రులు విడిపోవడం, ఇంట్లోవాళ్ళు జైలుకెళ్ళడం, మానసిక జబ్బు, ఇలాంటి అంశాలన్నీ కలిపి ఒక్కోదానికి ఒక్కో మార్కు. 1998లో తొలి ఫలితాలు అచ్చయ్యాయి. నాలుగు, ఆపైన వచ్చినవాళ్ళలో తాగుడు వ్యసనం, డిప్రెషన్, ఆత్మహత్యాయత్నం లాంటివి నాలుగు నుంచి పన్నెండు రెట్లు ఎక్కువగా కనిపించాయి. గుండె జబ్బులు, ఊపిరితిత్తుల జబ్బులు కూడా స్కోరుతో పాటు పెరిగాయి. బాల్యంలో పడ్డ దెబ్బ నలభై, యాభై ఏళ్ళకు గుండె దగ్గర తేలుతుందని ఇంత పెద్ద లెక్కతో అంతకుముందు ఎవరూ చూపించలేదు. ఇది గొప్ప పరిశోధనే. నేను దాన్ని తక్కువ చేయడం లేదు.

20 ఏళ్ళ మాట 2009లో వచ్చిన వ్యాసంలోది. అదే 17,337 మందిలో 2006 దాకా ఎవరెవరు చనిపోయారో చూశారు. 1,539 మంది చనిపోయారు. ఆ చనిపోయినవాళ్ళలో, ఆరు ఆపైన స్కోరున్నవాళ్ళ సగటు వయసు 60.6, సున్నా వచ్చినవాళ్ళది 79.1. ఈ రెండింటి తేడానే ఇంటర్నెట్ అంతా '20 ఏళ్ళ ఆయుష్షు' అని తిరుగుతోంది. ఇప్పుడు మీరే ఆలోచించండి. ఆరు వచ్చి హాయిగా బతికున్నవాళ్ళు ఈ సగటులో ఎక్కడున్నారు? లేరు. పైగా ఆ సర్వేలో ఎక్కువ స్కోరు చెప్పింది తక్కువ వయసువాళ్ళు. యాభైల్లో ఉన్న గుంపునీ డెబ్భైల్లో ఉన్న గుంపునీ పదేళ్ళపాటు గమనిస్తే, మొదటి గుంపులో చనిపోయినవాళ్ళ వయసు తక్కువే ఉంటుంది, వాళ్ళ బాల్యం ఎలా గడిచినా సరే. వయసు, చదువు లాంటివి సరిచేసి చూసినప్పుడు, 75 దాటకుండా చనిపోయే అవకాశం ఆరు ఆపైన వచ్చినవాళ్ళలో 1.7 రెట్లు అని తేలింది. ఇదీ చిన్న విషయమేం కాదు. కానీ మీ జీవితంలోంచి ఎవరో 20 ఏళ్ళు కోసేశారనడం మాత్రం తప్పు లెక్క.

ఆ 1.7 రెట్లలో కూడా కొంత భాగం వచ్చేది సిగరెట్లు, తాగుడు, బీపీ, షుగరు, వైద్యం చేయించుకోని డిప్రెషన్ లాంటి దారుల్లో. మీకు సిగరెట్ అలవాటు లేదని, మందు ముట్టనని రాశారు. అంటే ఆ దారుల్లో రెండు మీరే మూసేశారు. బీపీ, షుగరు ఏడాదికోసారి చూపించుకోండి, నిద్రను కాపాడుకోండి. ఆయుష్షు సంగతికి ఇంతకంటే జాగ్రత్త అక్కర్లేదు.

ఇక స్కోరు. ఇది గుంపుల కోసం చేసిన కొలత. జూన్‌లో హైదరాబాద్‌లో సగటున ఎంత వాన పడుతుందో చెప్పగలం, ఆ అంకె పట్టుకుని రేపు సాయంత్రం నాలుగింటికి మీ వీధిలో పడుతుందో లేదో చెప్పలేం. ఈ మాట అంటున్నది నేనొక్కదాన్నే కాదు. ఈ సర్వేను మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరైన ఆండాయే 2020లో తన సహచరులతో కలిసి హెచ్చరిస్తూ వ్యాసం రాశాడు, స్కోరు చూసి ఒక మనిషి భవిష్యత్తు తేల్చవద్దని. మరుసటి ఏడాది వేరే పరిశోధకులు, బ్రిటన్‌లో ఒకచోట, న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో మరోచోట చిన్నప్పటి నుంచి గమనిస్తూ వచ్చిన పిల్లల వివరాలతో స్కోరును పరీక్షించి చూశారు. గుంపుల మధ్య తేడా స్పష్టంగా కనబడింది, ఎవరికి జబ్బు వస్తుందో ఎవరికి రాదో చెప్పడంలో మాత్రం స్కోరు చేతులెత్తేసింది.

కారణం ఆ ప్రశ్నల్లోనే ఉంది. ఒక్కసారి జరిగినా ఒక మార్కే, పదేళ్ళు జరిగినా ఒక మార్కే. మూడేళ్ళప్పుడా పదమూడేళ్ళప్పుడా అని అడగదు. ఆ రాత్రి నాన్న నిద్రపోయాక మిమ్మల్ని పక్కింటికి తీసుకెళ్ళి పడుకోబెట్టిన మనిషెవరైనా ఉన్నారా అని అసలే అడగదు. మీరు రాసిన పెద్ద ఉత్తరంలో ఒక చిన్న వాక్యం నేను రెండుసార్లు చదివాను: 'సెలవుల్లో అమ్మమ్మ వాళ్ళింట్లో ఉన్నప్పుడు మాత్రం కడుపునిండా తిని నిద్రపోయేవాణ్ణి.' దీనికి ఆ పరీక్షలో గడి లేదు. పరిశోధనలో మాత్రం దీనికి పెద్ద చోటుంది, అక్కడికి వస్తాను.

మన దగ్గర జరిగేవి కూడా ఆ పది ప్రశ్నల్లో సగం లేవు. తండ్రి దుబాయికి పోయి, తల్లి కూలికి పోతే ఒంటరిగా పెరిగిన పిల్లలు, బళ్ళో కులం పేరు పెట్టి పిలిస్తే వెనక బెంచీలో ముడుచుకున్న పిల్లలు, మళ్ళీ ఆడపిల్లేనా అన్న మాట పదేళ్ళపాటు విన్న పిల్లలు, మార్కుల వారీగా సెక్షన్లు మార్చి, వారానికోసారి అందరి ముందూ ర్యాంకు చదివే హాస్టళ్ళలో పదిహేనేళ్ళకే నిద్రకు దూరమైన పిల్లలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తర్వాత తయారుచేసిన అంతర్జాతీయ ప్రశ్నావళిలో తోటివాళ్ళ వేధింపులు, వీధిలో చూసిన హింస లాంటివి చేర్చారు. అయినా మన హాస్టల్ జీవితం దేంట్లోనూ పూర్తిగా పట్టదు.

'మొక్కై వంగనిది మానై వంగునా' అనే సామెత ఎంతమంది వీపులు వాచేలా చేసిందో నేను రోజూ చూస్తుంటాను. 'మమ్మల్ని కొట్టలేదా, మేం బాగుపడలేదా' అని మీ బంధువుల్లో కూడా ఎవరో అనే ఉంటారు. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని అడిగింది, వాటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. నూటికి 69 మంది ఏదో ఒక రూపంలో దెబ్బలు తిన్నామన్నారు, కొట్టినవాళ్ళలో తల్లిదండ్రులే ముందున్నారు. మన రెండు రాష్ట్రాల్లో 2002 నుంచి మూడు వేలమంది పిల్లల్ని వెంబడిస్తున్న యంగ్ లైవ్స్ అధ్యయనంలో ఎనిమిదేళ్ళ పిల్లల్ని అడిగితే, పదిమందిలో తొమ్మిదిమందికి పైగా గడిచిన వారంలో టీచరు ఎవరినో కొట్టడం చూశామన్నారు. బడి ఎందుకు నచ్చదంటే పిల్లలు చెప్పిన కారణాల్లో దెబ్బలు, హింస ముందు వరసలో ఉన్నాయి. విద్యాహక్కు చట్టం 2009లోనే బళ్ళో కొట్టడాన్ని నిషేధించింది. అందరికీ జరిగింది కాబట్టి ఎవరికీ నష్టం లేదనే వాదన నేను ఒప్పుకోను. బాగుపడినవాళ్ళు దెబ్బల వల్ల బాగుపడ్డారని ఏ పరిశోధనా చూపలేదు.

ఇప్పుడు మీ అన్నయ్య మాట. ఆయన అబద్ధం చెప్పడం లేదు, మీరు పెద్దది చేయడమూ లేదు. 2019లో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. చిన్నప్పుడు అధికారులు గానీ, ఇంటికి వచ్చి చూసినవాళ్ళు గానీ హింస జరిగిందని నమోదు చేసిన పిల్లలు, పెద్దయ్యాక హింస జరిగిందని తామే చెప్పినవాళ్ళు, ఈ రెండు గుంపుల్నీ పోల్చారు. సగానికి సగం కూడా కలవలేదు. రికార్డులో ఉన్నవాళ్ళలో చాలామంది పెద్దయ్యాక చెప్పలేదు, చెప్పినవాళ్ళలో చాలామంది రికార్డులో లేరు. ఒకే ఇంట్లో పెరిగిన ఇద్దరు అన్నదమ్ములు రెండు వేర్వేరు బాల్యాలు గడపొచ్చు. ఒకడు తలుపు వెనక నక్కుతాడు, ఇంకొకడు క్రికెట్ ఆడి చీకటి పడ్డాక ఇంటికొస్తాడు. 2020లో ఆండ్రియా డనేసీ, క్యాథీ విడమ్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంకో అడుగు ముందుకు వేశారు. కోర్టు రికార్డుల్లో చిన్నప్పటి హింస నమోదైనవాళ్ళను పెద్దయ్యాక కలిసి చూస్తే, మానసిక సమస్యలు ఎక్కువగా కనిపించింది జరిగింది జరిగినట్టు గుర్తుండి, అది తమను గాయపరిచిందని చెప్పినవాళ్ళలోనే. రికార్డు ఉండీ తమకేం జరగలేదన్నవాళ్ళలో అంతగా లేవు. దీన్ని 'అంతా నీ మనసులోనే ఉంది' అని చదవకండి. జరిగిన దాన్ని మార్చలేం, కానీ దాన్ని మనం మోస్తున్న తీరు మీద పని చేయొచ్చు, చికిత్సకు చోటు ఉన్నదే అక్కడ అని నేను చదువుతాను. అన్నయ్యతో వాదించకండి. ఆయన గుర్తుచేసుకోకపోవడం ఆయన తట్టుకునే పద్ధతి అయ్యుండొచ్చు.

గ్లాసు పడ్డప్పుడు మొహం చూడటం గురించి. ఎప్పుడు ఏమవుతుందో తెలియని ఇంట్లో పిల్లల మెదడు ముందు నేర్చుకునేది పెద్దవాళ్ళ మొహం చదవడం. స్కూటర్ ఆగిన చప్పుడును బట్టి, చెప్పులు విడిచే తీరును బట్టి ఆ రాత్రి ఎలా గడుస్తుందో చెప్పగలిగే పిల్లలుంటారు. శరీరంలో కార్టిసోల్ లాంటి ఒత్తిడి హార్మోన్లు అవసరం తీరాక తగ్గాలి. రోజూ అదే భయమైతే ఆ తగ్గే ఏర్పాటే దెబ్బతింటుంది. కొందరిలో ఎప్పుడూ ఎక్కువగా ఉంటుంది, కొందరిలో అసలు పెరగడమే మానేస్తుంది. మీరు రాశారు చూడండి, ఆఫీసులో మేనేజర్ కనుబొమ్మలు ముడిస్తే మీకు రోజంతా పాడవుతుందని. అది ఇదే. పాతికేళ్ళ కింద పల్లెటూరి ఇంట్లో మిమ్మల్ని కాపాడిన నేర్పు, ఇప్పుడు గచ్చిబౌలి మీటింగ్ రూమ్‌లో మిమ్మల్ని అలసటకు గురిచేస్తోంది.

అది శాశ్వతమా? ఈ రంగంలో నాకు అన్నింటికంటే ముఖ్యమనిపించే ఫలితాలు ఇక్కడే ఉన్నాయి, ఇంటర్నెట్ పరీక్షల కింద వీటిని ఎవరూ రాయరు. మాంట్రియల్‌లో మైకేల్ మీనీ బృందం ఎలుకలతో పని చేసింది. పిల్లల్ని ఎక్కువగా నాకి సాకే తల్లుల పిల్లలు పెద్దయ్యాక నిబ్బరంగా ఉన్నాయి, పట్టించుకోని తల్లుల పిల్లలు బెదురుగా ఉన్నాయి. అప్పుడు పట్టించుకోని తల్లికి పుట్టిన పిల్లల్ని తీసుకెళ్ళి బాగా సాకే తల్లి దగ్గర పెట్టారు. అవి పెద్దయ్యాక నిబ్బరంగానే తయారయ్యాయి. ఎలుకల సంగతి మనుషులకు నేరుగా వర్తించదు, అందుకే రొమేనియా చూడాలి. నియంత చౌషెస్కు పాలన పడిపోయాక అక్కడి అనాథాశ్రమాల్లో, ఎత్తుకునేవాళ్ళు లేక, మంచాల్లోనే పెరుగుతున్న వేలమంది పిల్లలు బయటపడ్డారు. చార్ల్స్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్ల్స్ జీనా అనే ముగ్గురు బుకారెస్ట్‌లో 136 మంది పసిపిల్లల్ని తీసుకుని, లాటరీ పద్ధతిలో సగం మందికి పెంపుడు కుటుంబాలు వెతికారు. కుటుంబాల్లోకి వెళ్ళిన పిల్లల తెలివితేటలు, మాట, మనుషులతో చేరిక మెరుగయ్యాయి, రెండేళ్ళలోపు వెళ్ళినవాళ్ళలో మరీ ఎక్కువగా. ఆలస్యంగా వెళ్ళినవాళ్ళకు కొన్ని లోట్లు మిగిలిపోయాయన్నదీ నిజమే, దాచను. కానీ ఆ తలుపు రెండేళ్ళకే మూసుకుపోదు. అనాథాశ్రమాల నుంచి దత్తత వెళ్ళిన పిల్లల్ని మెగన్ గునార్ బృందం చాలాకాలం గమనించింది. మొద్దుబారిన వాళ్ళ ఒత్తిడి హార్మోన్ స్పందన, మంచి ఇంట్లో పెరుగుతుంటే యుక్తవయసు వచ్చే సమయంలో మామూలు పిల్లల దారిలోకి వచ్చిందని 2019లో చూపించారు.

మన ఊళ్ళో జరిగిన పని ఒకటి ఇక్కడ చెప్పాలి, ఇది మనసు గురించి కాదు, తిండి గురించి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1987-90 మధ్య హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో కొన్నింటిలో గర్భిణులకు, ఆరేళ్ళలోపు పిల్లలకు అదనపు ఆహారం అందే ఏర్పాటును పరీక్షించింది. పదిహేనేళ్ళ తర్వాత వెళ్ళి ఆ పిల్లల్ని వెతికి పట్టుకుని చూస్తే, తిండి అందిన ఊళ్ళ పిల్లలు కాస్త పొడుగ్గా ఉన్నారు, వాళ్ళ రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి, ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. చిన్నప్పుడు అందని దాని గుర్తు శరీరంలో ఉండిపోతుంది, అందిన దాని గుర్తూ అలాగే ఉండిపోతుంది.

మీ అమ్మమ్మను ఇక్కడికే తీసుకొస్తున్నాను. హవాయిలోని కవాయి ద్వీపంలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, తాగుడు, ఇంట్లో గొడవల మధ్య పుట్టిన పిల్లల్లో మూడోవంతు మంది నిలదొక్కుకుని, చక్కగా బతికే పెద్దలయ్యారు. వాళ్ళందరి వెనకా కనిపించింది ఒక్క మనిషి: అమ్మమ్మో, మేనత్తో, ఒక టీచరో. తడబడిన మిగతావాళ్ళలో కూడా చాలామంది ముప్ఫైలు, నలభైల్లో మంచి పెళ్ళి వల్ల, ఉద్యోగం వల్ల, మళ్ళీ చదువుకోవడం వల్ల గాడిలో పడ్డారు. మీరిప్పుడు సరిగ్గా ఆ వయసులో ఉన్నారు.

'నేనూ నాన్నలాగే అవుతానా' అన్నదానికి సూటిగా చెబుతున్నాను. అది రాసిపెట్టి లేదు. దెబ్బలు తిన్నవాళ్ళు తల్లిదండ్రులయ్యాక తమ పిల్లల్ని హింసించేది ఎంతమంది అని 1987లో జోన్ కాఫ్‌మన్, ఎడ్వర్డ్ జిగ్లర్ అప్పటి అధ్యయనాలన్నీ జల్లెడ పట్టి, సుమారు నూటికి ముప్ఫై మంది అని అంచనా వేశారు. మామూలు జనాభాతో పోలిస్తే ఎక్కువే. కానీ దాదాపు డెబ్భై మంది అలా కాలేదు. మరి వాళ్ళు ఎలా తప్పించుకున్నారు? మిన్నెసోటాలో బైరన్ ఎగెలండ్ బృందం పేద తల్లుల్ని గమనించి 1988లో రాసింది. చిన్నప్పుడు దెబ్బలు తిని కూడా తమ పిల్లల్ని కొట్టని తల్లుల్లో మూడు విషయాలు ఎక్కువగా కనిపించాయి. చిన్నప్పుడు ప్రేమగా చూసిన పెద్దమనిషి ఒకరుండటం, ఎప్పుడో ఒకప్పుడు కౌన్సెలింగ్ తీసుకోవడం, తోడుగా నిలిచే జీవిత భాగస్వామి ఉండటం. మొదటిది మీకు అమ్మమ్మ రూపంలో ఉంది. మూడోది మీ ఇంట్లోనే ఉంది, కానీ ఆమెకు మీరింకా ఏమీ చెప్పలేదు. అందుకే మీ ఆఖరి ప్రశ్నకు నా జవాబు: చెప్పండి. అంతా ఒక్క రాత్రిలో, తేదీలతో సహా చెప్పక్కర్లేదు. 'పాప అలా చూస్తే నాకు చిన్నప్పటివి గుర్తొస్తున్నాయి, నాకు భయంగా ఉంది' అంటే చాలు, మిగతా మాట ఆమె అడుగుతుంది. నా దగ్గరికి వచ్చే భార్యల్లో చాలామంది అనే మాట ఒకటుంది: 'కోపం ఎందుకో తెలిసుంటే ఇన్నేళ్ళు నా తప్పే అనుకునేదాన్ని కాదు.'

పాప విషయంలో. మూడేళ్ళ పిల్ల ఒకసారి మీ మొహం చూసినంత మాత్రాన ఏమీ విరిగిపోలేదు. పిల్లలందరూ ఏదైనా పడేస్తే పెద్దవాళ్ళ మొహం చూస్తారు, ఇది తప్పా కాదా అని తెలుసుకోవడానికి. మీరు గట్టిగా అరుస్తున్నారని మీరే రాశారు కాబట్టి పాప చూపులో కొంత భయం ఉండి ఉండొచ్చు. పసిపిల్లలూ తల్లులూ ఆడుకునేటప్పుడు వీడియో తీసి క్షణం క్షణం పరిశీలించిన ఎడ్ ట్రోనిక్ ఏం చూశాడంటే, ఆరోగ్యంగా ఉన్న జంటల్లో కూడా ఇద్దరి భావాలూ పొంతన కుదిరేది మూడోవంతు సమయమే. మిగతా సమయమంతా తప్పడం, మళ్ళీ కలవడం. పిల్లలకు ధైర్యం వచ్చేది ఆ మళ్ళీ కలవడంలోంచి. మీ నాన్న దగ్గర మీకు దొరకనిది అదే. ఆయన అరిచాడు, కొట్టాడు, పొద్దున్నే ఏమీ జరగనట్టు టీ తాగాడు. ఎవరూ వచ్చి మీతో ఆ మాట ఎత్తలేదు.

కాబట్టి అరిచాక వెనక్కి వెళ్ళండి. కింద కూర్చోండి, మీ కళ్ళు పాప కళ్ళ ఎత్తుకు రావాలి. 'నాన్న గట్టిగా అరిచాడు కదా, భయమేసిందా? గ్లాసు పడితే ఏం కాదు. రా, ఇద్దరం తుడుద్దాం' అనండి. తర్వాత నిజంగానే ఇద్దరూ గుడ్డ తీసుకుని తుడవండి. 'నువ్వలా చేశావు కాబట్టే అరిచాను' అని మాత్రం చేర్చకండి, అది పాప మీద బరువు పెట్టడమే. చాక్లెట్ కొనివ్వడం కూడా దీనికి బదులు కాదు.

కోపం పొంగేటప్పుడు గదిలోంచి బయటికి వెళ్ళమని అందరూ చెబుతారు, మంచిదే. ఒక తండ్రి అలాగే చేసేవాడు (వివరాలు మార్చి రాస్తున్నాను). కోపం రాగానే మాటా పలుకూ లేకుండా బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకునేవాడు. నాలుగేళ్ళ కొడుకు ఆ తలుపు దగ్గర నిలబడి ఏడవకుండా, తన బొమ్మలన్నీ తెచ్చి వరసగా సర్దిపెట్టేవాడట. తండ్రి దాన్ని బుద్ధిమంతుడవుతున్నాడని అనుకున్నాడు. వాడు అనుకున్నది నాన్న వెళ్ళిపోయాడని, సర్దిపెడితే వస్తాడని. వెళ్ళేముందు 'నాన్నకు కోపం వచ్చింది, రెండు నిమిషాల్లో వస్తా' అనడం, అన్నట్టే రావడం మొదలుపెట్టాక కొన్ని వారాలకు ఆ సర్దడం ఆగిపోయింది. మీరు బయటికి వెళ్ళేటప్పుడు ఆ ఒక్క వాక్యం చెప్పి వెళ్ళండి.

నాన్న రాక గురించి. 'పెద్దాయన, ఇంకెన్నాళ్ళుంటాడు, పోనీలే' అని బంధువులు చెప్పే మాట వింటే మీ గుండె బరువెక్కుతోందని రాశారు. క్షమించాలా వద్దా అన్నది మీ ఇష్టం, దానికి గడువు లేదు. మీరు బాగుపడాలంటే ఆయన్ని క్షమించి తీరాలనే నియమం కూడా ఏ చికిత్సలోనూ లేదు. పాప భద్రత మాత్రం వేరే విషయం, అందులో మొహమాటానికి తావు లేదు. ఆయన ఇంకా తాగుతున్నాడా? తాగితే ఈ ఇంట్లో ఉండకూడదని వచ్చేముందే ఫోన్లో చెప్పండి, ఇంటికొచ్చాక అందరి ముందూ కాదు. పాపను ఆయనతో ఒంటరిగా వదలకండి, కనీసం ఈసారికి. ఆయన మానేసి, మనవరాలితో మెత్తగా ఉంటే సంతోషమే, అలా మారిన తాతల్ని నేను చూశాను. అప్పుడు మీకు ఇంకో బాధ మొదలవ్వొచ్చు, 'ఈ మనిషి నాకెందుకు దొరకలేదు' అని. అది ఈర్ష్య కాదు, మీరు ఎప్పుడూ ఏడవని ఏడుపు. దాన్ని అణచుకోకండి.

అమ్మ మీదే ఎక్కువ కోపం వస్తోందని, అందుకు సిగ్గుగా ఉందని కూడా రాశారు. చాలామందిలో అంతే. నాన్న నుంచి ఏమీ ఆశించలేదు కాబట్టి ఆయన మీద కోపం ఎప్పుడో చల్లారుతుంది. కాపాడాల్సిన అమ్మ కాపాడలేకపోయిందన్న కోపం లోపల అలాగే ఉంటుంది. చేతిలో పైసా లేకుండా, పుట్టింటికి పోతే సర్దుకుపొమ్మని తిప్పి పంపిన రోజుల్లో ఆమెకు ఎన్ని దారులున్నాయో పెద్దవాడిగా మీకు తెలుసు. చిన్నపిల్లాడికి ఆ సంగతి తెలియదు, వాడి కోపం వాడికి న్యాయమే. ఈ రెండూ పక్కపక్కనే ఉండొచ్చు. దీని గురించి అమ్మతో ఇప్పుడే మాట్లాడాలని లేదు. ముందు కౌన్సెలర్ దగ్గర మాట్లాడితే మాటలు కుదురుకుంటాయి.

కౌన్సెలింగ్‌కి వెళ్ళేటప్పుడు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దగ్గర రిజిస్టరైన క్లినికల్ సైకాలజిస్టా కాదా అని అడగండి, ఆ ప్రశ్నకు నొచ్చుకునేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. చిన్నప్పటి గాయాలకు ఎక్కువ ఆధారాలున్న పద్ధతులు ట్రామా మీద దృష్టి పెట్టే సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకునే మాటల చికిత్స), ఈఎండీఆర్ (కళ్ళు అటూ ఇటూ కదుపుతూ జ్ఞాపకాల బరువు తగ్గించే చికిత్స). పీడకలలు, ఒళ్ళు జలదరించే జ్ఞాపకాలు ఉన్నవాళ్ళకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సూచించిన వాటిలో ఈ రెండూ ఉన్నాయి. మొదటి రోజే చిన్నప్పటిదంతా తవ్వి చెప్పమని ఎవరైనా పట్టుబడితే, ఇప్పుడు కాదని చెప్పే హక్కు మీకుంది. మంచి చికిత్సకుడు ముందు మీ నిద్ర, మీ కోపం, మీ ఇంటి పరిస్థితి అడుగుతాడు. ఫీజులు భారమైతే ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో ఓపీ ఉంది. ఆ పేరు చెబితే నవ్వేవాళ్ళను పట్టించుకోకండి, అక్కడ మంచి డాక్టర్లున్నారు. రాత్రివేళ మనసు మరీ కుదురుగా లేకపోతే ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 రోజంతా పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా చేయండి. మీ చుట్టుపక్కల ఏ పిల్లకైనా ఇలాంటి కష్టం ఇప్పుడు జరుగుతోందని తెలిస్తే పిల్లల సహాయ నంబరు 1098కి చెప్పొచ్చు, మీ పేరు బయటపెట్టరు.

ఈ వారం మూడు పనులు పెట్టుకోండి: మీ ఆవిడతో ఆ ఒక్క వాక్యం, నాన్నకు తాగుడు గురించి ఫోన్, ఒక అపాయింట్‌మెంట్. మూడోది ముందు చేసినా పర్వాలేదు, నాన్నతో ఫోన్లో ఏం మాట్లాడాలో అక్కడే కలిసి రాసుకోవచ్చు.